ట్యాంకు తెల్లారేసరికి సగమవుతోంది, పైన చుక్క తడి లేదు: తవ్వేముందు చూడాల్సినవి

మీరు రాసింది టూకీగా ఇది. ఒంగోలు శివారులో ఇరవై ఎకరాల కాలేజీ, రెండు హాస్టళ్లలో కలిపి 600 మంది పిల్లలు. రెండు బోర్లు, లక్ష లీటర్ల సంపు, విడిగా 50 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు. రాత్రి పదకొండింటికి నిండుగా ఉన్న ట్యాంకు తెల్లవారుజామున ఐదింటికి సగమై ఉంటోంది. లైను పొడవునా తిరిగి చూసినా ఎక్కడా తడి లేదు. ప్లంబరేమో మెయిన్ లైనంతా పీకేసి కొత్తది వేద్దామంటున్నాడు. మెషీను తెచ్చి కనిపెడతామన్నవాళ్లు రోజుకింతని రేటు చెప్పారు. ట్యాంకర్ల బిల్లు చూసి యాజమాన్యం మీ మీద ఎగురుతోంది.

ఆ రెండూ ఇప్పుడే వద్దు. ప్లంబరును ఆపండి, మెషీనువాళ్లకు వారం తర్వాత చెబుతామనండి. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రైస్‌మిల్లులు, రొయ్య పిల్లల హేచరీలు, కాలేజీలు, కల్యాణ మండపాల్లో ఈ పనే చేసుకుంటూ వచ్చాను. భూమిలో లీకని పిలిపించిన చోట్ల సగానికి సగం నీళ్లు పోయేది భూమిలోకి కాదు. భూమిలోకే పోతున్నప్పుడు కూడా తొంభై అడుగుల లైనులో పోతోందా, తొమ్మిది వందల అడుగుల లైనులో పోతోందా అన్నది గునపం పట్టకుండానే తేల్చుకోవచ్చు. అందుకు కావలసింది ఒక టేపు, ఒక గడియారం, ఒక రాత్రి నిద్ర మానుకోవడం.

ముందు లెక్క చూద్దాం. హాస్టళ్లకు మనిషికి రోజుకు 135 లీటర్లని నీటి సరఫరాకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1172 చెబుతుంది. 600 మందికి 81 వేల లీటర్లు. వంటశాల, తోట, కాలేజీ భవనాలు కలుపుకుని ఎంత ఉదారంగా వేసుకున్నా మీ వాడకం ఒక అంకె దగ్గర ఆగాలి. ఇప్పుడు బోర్లు రోజుకు ఎంత తోడుతున్నాయో చూడండి. మీటరు లేకపోతే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతోందో చూసి, మోటారు నడిచే గంటలతో లెక్కగట్టండి. ఈ డ్రమ్ము లెక్క బోరు దగ్గర ఒకసారి, సంపులో పడేచోట ఒకసారి తీయండి. రెండింటికీ తేడా ఉందంటే బోరు నుంచి సంపుకు వచ్చే దారిలోనే కారుతోంది. దీన్ని ఎవరూ చూడరు. అందరి చూపూ ట్యాంకు నుంచి హాస్టలుకు పోయే లైను మీదే ఉంటుంది.

మీ ట్యాంకు 5 మీటర్లు పొడవు, 4 మీటర్లు వెడల్పు అనుకుందాం. అంటే 20 చదరపు మీటర్లు. నీళ్లు ఒక్క సెంటీమీటరు దిగితే 200 లీటర్లు పోయినట్టు. సంపు 8 బై 5 అయితే సెంటీమీటరుకు 400 లీటర్లు. ఏ తొట్టికైనా చదరపు మీటర్లను పదితో హెచ్చిస్తే సెంటీమీటరుకు ఎన్ని లీటర్లో వస్తుంది. ఈ అంకెను ట్యాంకు గోడ మీద పెయింటుతో రాయించేయండి, తర్వాత వచ్చే వాచ్‌మన్‌కు కూడా పనికొస్తుంది.

ఆరు గంటల్లో 25 వేల లీటర్లంటే గంటకు నాలుగు వేల పైచిలుకు. ట్యాంకు నేలకు 15 మీటర్ల ఎత్తులో ఉంటే కింద చదరపు సెంటీమీటరుకు ఒకటిన్నర కిలో ప్రెషర్ ఉంటుంది. ఆ ప్రెషర్‌కు 5 ఎంఎం రంధ్రంలోంచి గంటకు 700 లీటర్ల పైనే పోతాయి, రోజుకు 17 వేలు. మీ అంకె రావాలంటే 12 ఎంఎం రంధ్రం కావాలి, చిటికెన వేలు దూరేంత. కాబట్టి ఇది సన్న చెమ్మ కాదు. జాయింటు ఊడి ఉండాలి, లేదంటే చిన్నచిన్నవి వంద కలిసి ఉండాలి. రెండోదాన్ని తేలిగ్గా తీసిపారేయకండి.

ఎందుకంటే హాస్టల్లో ఫ్లష్ ట్యాంకులున్నాయి. లోపలి రబ్బరు వాషరు గట్టిపడి సరిగా మూసుకోకపోతే నీళ్లు సన్నగా కమోడులోకి జారుతూనే ఉంటాయి. చప్పుడు రాదు. గంటకు 20 లీటర్ల చొప్పున నలభై తొట్లు కారితే గంటకు 800 లీటర్లు. రాత్రి బాత్రూములు ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి ఫ్లష్ ట్యాంకులోనూ బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట ఆగండి. ఎవరూ నొక్కకుండానే కమోడులో నీలం కనిపిస్తే వాషరు పోయింది. ఫ్లోరుకు ఇద్దరు పిల్లల్ని పెట్టుకుంటే గంటలో అయిపోతుంది, వాళ్లకు సరదాగా కూడా ఉంటుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువున్న చోట ఈ వాషర్లు, తొట్టి నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వులు త్వరగా పాడవుతాయి. మన తీరంవైపు కాలేజీల్లో ఇది దాదాపు ఖాయం.

తర్వాతది ఎన్‌ఆర్‌వి, అంటే నీళ్లను ఒకవైపే పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వు. సంపు నుంచి ట్యాంకుకు ఎక్కే పైపు పైనుంచి పడుతోందా, ట్యాంకు అడుగునుంచి లోపలికి వస్తోందా చూడండి. అడుగునుంచి వస్తూ ఉండి పంపు దగ్గర ఎన్‌ఆర్‌వి పట్టుకోకపోతే, మోటారు ఆగిన క్షణం నుంచి ట్యాంకు నీళ్లు వచ్చిన దారినే సంపులోకి దిగిపోతాయి. పొద్దున మళ్లీ అవే నీళ్లు ఎక్కిస్తారు. కరెంటు బిల్లు తప్ప పోయేది ఏమీ లేదు, కానీ చూసేవాళ్లకు అచ్చం లీకులాగే ఉంటుంది. బోరు నేరుగా ట్యాంకుకు ఎక్కిస్తున్నా ఇదే కథ, నీళ్లు బోరులోకి వెళ్తాయి. మోటారు ఆపాక పైపుకు చెవి ఆనిస్తే జరజరమని దిగుతున్న చప్పుడు వినిపిస్తుంది. సంపు మట్టం రాత్రి పెరుగుతోందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. అలాగే ఓవర్‌ఫ్లో పైపులు. చాలా చోట్ల వాటిని కనబడకుండా నేరుగా వాననీటి డ్రైనులో కలిపేస్తారు. ఫ్లోట్ వాల్వు పాడై రాత్రంతా పొర్లినా ఎవరికీ తెలియదు. ఓవర్‌ఫ్లో నోరు మనిషి కంటికి కనబడేచోటే ఉండాలి. ఈ ఒక్క మార్పు ఇవాళే చేయించండి.

ఫైర్ లైను కూడా మర్చిపోకండి. హాస్టళ్లున్నాయి కాబట్టి చుట్టూ మంటలార్పే నీళ్లకు హైడ్రెంట్ లైను, దానికో చిన్న జాకీ పంపు ఉండి ఉంటుంది. లైనులో ప్రెషర్ తగ్గినప్పుడే జాకీ ఆన్ అవుతుంది. ఎవరూ హైడ్రెంటు తిప్పకుండానే రాత్రి పది నిమిషాలకోసారి ఆన్ అవుతోందంటే ఫైర్ లైను ఎక్కడో కారుతోంది. పైన పూత లేచిపోయిన ఇనుప పైపు ఉప్పు నేలలో తొందరగా చిల్లులు పడుతుంది. మీ ఓవర్‌హెడ్ ట్యాంకు తగ్గడానికి దీనికి సంబంధం లేకపోవచ్చు గానీ, సంపులోంచే ఫైర్ ట్యాంకు నింపుతుంటే బోర్లు రోజంతా తిరగడానికి ఇదో కారణం.

ఇవన్నీ చూశాక రాత్రి పరీక్ష. హాస్టలుకు సెలవులిచ్చిన రోజైతే మంచిది, లేకపోతే రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు వరకు నీళ్లు రావని ముందురోజే బోర్డు పెట్టండి, బాత్రూముల్లో బకెట్లు నింపించండి. ముందుగా ట్యాంకు కిందే ఉన్న వాల్వు మూసేసి గంట చూడండి. ట్యాంకు మట్టం కదిలిందా, తప్పు ట్యాంకుది లేదా ఎన్‌ఆర్‌విది. కదల్లేదా, ట్యాంకు వాల్వు తెరిచి రెండు హాస్టళ్ల గుమ్మాల దగ్గరి వాల్వులు, మెస్సు, కాలేజీ భవనాలవి మూసేయండి. ఇప్పుడు దిగే ప్రతి సెంటీమీటరూ భూమిలోని మెయిన్ లైనుదే. తర్వాత ఒక్కో వాల్వు తెరుస్తూ పావుగంట పావుగంట చూడండి, ఏది తెరిచినప్పుడు దిగే వేగం పెరిగిందో నోటుబుక్కులో రాయండి. టైము, మట్టం, ఏ వాల్వు. ఈ మూడే. అర్ధరాత్రి బుర్రలో పెట్టుకున్నది పొద్దునకు ఉండదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఏళ్ల తరబడి తిప్పని గేట్‌వాల్వు మూసినా పూర్తిగా మూసుకోదు. లోపల తుప్పు, ఇసుక కూర్చుని సందు మిగులుతుంది. మూశాక అవతలివైపు కిందున్న కుళాయి ఒకటి తెరిచి పెట్టండి. పైపులో ఉన్న నీళ్లు కారిపోయాక కూడా ధార ఆగకపోతే ఆ వాల్వు మీద నమ్మకం పెట్టుకోవద్దు. సగం క్యాంపస్‌లలో అసలు వాల్వులే ఉండవు, ఉన్నవి కూడా రోడ్డు వేసినప్పుడు తారు కింద పోయి ఉంటాయి. నేనైతే మెషీనుకు పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టమంటాను: మెయిన్ లైను మీద మూడు నాలుగు చోట్ల కొత్త వాల్వులు, వాటికి ఇటుక గుంతలు, ట్యాంకు బయటికి వచ్చే చోట ఒక బల్క్ మీటరు. మీటరుంటే పరీక్ష ఇంకా తేలిక. అందరూ పడుకున్నాక రాత్రి రెండు మూడు గంటల మధ్య ముల్లు ఎంత తిరిగిందో చూస్తే చాలు. లీకులు మళ్లీ వస్తాయి. వాల్వులు, మీటరు ఉంటే ఈసారి నెలలు కాదు, ఒక్క రాత్రిలో తెలుస్తుంది.

సంపు గురించి విడిగా చెప్పాలి. సంపే కారుతోందని తేలితే మోటారు ఆపి, అన్ని వాల్వులు మూసి, మూత పెట్టి వదిలేయండి. మట్టం దిగుతూ దిగుతూ ఒక చోట ఆగిపోతుంది. పగులు ఆ ఎత్తులోనే ఉంది. ఆ గీత వెంట గోడ చుట్టూ చూస్తే చాలు, మొత్తం సంపును వాటర్‌ప్రూఫింగ్ చేయించక్కర్లేదు. చాలాసార్లు పైపు గోడలోంచి వెళ్లే చోటే ఉంటుంది. పైన మూత లేని తొట్టి అయితే ఒక బకెట్‌లో నీళ్లు పోసి అందులోనే నిలబెట్టి, రెండు మట్టాలు ఎంత దిగాయో పోల్చండి. మన ఎండలకు మే నెలలో ఆరుబయటి నీళ్లు రోజుకు సెంటీమీటరు దరిదాపు ఆవిరైపోతాయి, అది లీకు ఖాతాలో వేయకూడదు. ఇంకో మాట. నవంబరులో, డిసెంబరులో, ముఖ్యంగా నెల్లూరు తీరంవైపు, సంపును పూర్తిగా ఖాళీ చేయకండి. భూమిలో నీటిమట్టం పైకొచ్చి ఉన్నప్పుడు ఖాళీ సంపు కింది నుంచి ఎత్తుకుంటుంది. అడుగు స్లాబు పగిలి మొత్తం పైకి లేచిన సంపులున్నాయి.

సరే, మెయిన్ లైనే కారుతోందని తేలింది. మరి తడి ఎందుకు లేదు?

మీది ఒంగోలు, అంటే రేగడి. ఎండాకాలం వచ్చేసరికి మనిషి చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పైపులోంచి కారే నీళ్లు ఆ నెర్రెల్లో పడి కిందికి పోతాయి, పైకి రావాల్సిన అవసరమే లేదు. ఆ నెర్రెలే లీకుకు కారణం కూడా. రేగడి ఎండినప్పుడు ముడుచుకుని పైపును ఇటూ అటూ లాగుతుంది, వానల్లో ఉబ్బి పైకి నెడుతుంది. కదలికకు తావు లేని జాయింటు అక్కడే ఊడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, తొలి పెద్ద వానల తర్వాత ఒకసారి రేగడి నేలల్లో లీకులు వరసగా బయటపడతాయి. కొత్తపట్నం, ముత్తుకూరు వైపు ఇసుక నేలల్లో అయితే రోజుకు పది వేల లీటర్లు పోయినా పైన గడ్డి కూడా పచ్చబడదు. పొదిలి, చీమకుర్తి వైపు మరో రకం. అక్కడ నాలుగు అడుగుల కింద రాయి ఉంటుంది. నీళ్లు రాయి మీద జారి, పైపు వేసినప్పుడు తవ్విన గాడి వెంటే పారి, పల్లంలో ఎక్కడో పైకి వస్తాయి. తడి కనిపించిన చోట తవ్వితే పైపు గట్టిగా ఉంటుంది, అసలు లీకు ఎగువన ఉంటుంది. ఏ నేలైనా పైపు చుట్టూ పోసిన ఇసుక, గ్రావెల్ నీళ్లకు కాలువలా పనిచేస్తుంది. అందుకే తడి కనిపించినా ముందు చూడాల్సింది వాలు ఎటు ఉందన్నది.

రాత్రి రెండింటికి డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూతలు తెరిపించండి. దిగొద్దు, ఎవర్నీ దించొద్దు, పైనుంచి టార్చి వేయండి. ఆ వేళప్పుడు మురుగు చుక్కచుక్కగా రావాలి. తేట నీళ్లు సన్నటి ధారగా పారుతున్నాయంటే అవి ఎక్కడినుంచో వస్తున్నాయి. ఎగువ మ్యాన్‌హోల్‌లో లేకుండా దిగువదాంట్లో ఉంటే ఆ రెండింటి మధ్యే మురుగు పైపులోకి దూరుతున్నాయి. ఈ పద్ధతిలో గంటలో వంద అడుగులకు దగ్గరవుతారు. అవి ఏ నీళ్లో తెలుసుకోవడానికి ఆర్వో ప్లాంటులో ఉన్న టీడీఎస్ మీటరు తెచ్చుకోండి, నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో అది చూపిస్తుంది. మీ బోరు నీళ్లు 1800 చూపిస్తూ, మ్యాన్‌హోల్‌లోవి కూడా ఆ దరిదాపుల్లో ఉంటే మీ లైనే. 300 చూపిస్తే మున్సిపల్ కనెక్షనో, ఆర్వో నీళ్లో. బోరుకంటే బాగా ఎక్కువుంటే ఆర్వో ప్లాంటు బయటికి వదిలేసే ఉప్పు నీళ్లను ఎవరో భూమిలోకి వదులుతున్నారు. మున్సిపల్ నీళ్లని అనుమానముంటే క్లోరిన్ కిట్టు ఉంది కదా, చుక్క వేస్తే పసుపు తిరుగుతుంది. కాకపోతే మట్టిలో కొంతదూరం ప్రయాణించిన నీళ్లలో క్లోరిన్ మిగలదు, రంగు రాలేదని మున్సిపల్ కాదనుకోకూడదు.

ఇంతదాకా వస్తే లీకు ఒక ముక్కలో, రెండు వాల్వుల మధ్య ఉందని తెలుస్తుంది. ఇప్పుడు మెషీనువాళ్లను పిలవండి. ఇప్పుడు వాళ్ల సమయం వృథా కాదు, మీ డబ్బూ వృథా కాదు. పిలిచే ముందు వాళ్లను ఒకటడగండి: పీవీసీ లైను మీద ఏ పద్ధతి వాడతారు? ఇనుప పైపైతే లీకు చప్పుడు చాలా దూరం పోతుంది. వాల్వు స్పిండిల్ మీద ఇనప రాడ్డు పెట్టి రెండో చివర చెవికి ఆనించుకున్నా వినిపిస్తుంది. పీవీసీ అలా కాదు, చప్పుడును మింగేస్తుంది. నాలుగైదు మీటర్లు దాటితే వినబడడం కష్టం. పై నేల తడి రేగడైతే ఇంకా కష్టం, సిమెంటు రోడ్డు మీద కాస్త నయం. అందుకే నేలమీద పెట్టి లీకు చప్పుడు వినే గ్రౌండ్ మైక్రోఫోను పట్టుకుని పగలు ట్రాఫిక్‌లో తిరిగే మనిషిని నమ్మకండి. రాత్రి రావాలి, మిగతా వాల్వులన్నీ మూసి ఆ ముక్కలో ప్రెషర్ నిండుగా ఉంచాలి, అడుగడుగుకీ పెట్టి వినాలి.

కొరిలేటర్ అని ఇంకోటి ఉంది. లైనుకు రెండు చివర్లా సెన్సర్లు పెట్టి చప్పుడు ఎటువైపు ముందు చేరిందో చూసి దూరం లెక్కగడుతుంది. పైపు ఏ రకమో, ఎంత సైజో, రెండు సెన్సర్ల మధ్య ఎంత పొడవో మనం చెప్పాలి. ఇనుప పైపులో చప్పుడు సెకనుకు 1,200 మీటర్ల దరిదాపున పోతుంది, పీవీసీలో అందులో సగం కూడా ఉండదు. మధ్యలో ఎవరో జీఐ (జింకు పూత ఇనుప పైపు) ముక్క తీసి పీవీసీ వేసిన సంగతి చెప్పకపోతే మెషీను చూపించే చోటు మీటర్ల కొద్దీ తప్పుతుంది. దోషం మెషీనుది కాదు.

మీదిలాంటి పొడవాటి పీవీసీ లైనుకు నాకు ఎక్కువ నమ్మకం ట్రేసర్ గ్యాసు మీద. 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ కలిపిన సిలిండర్ వస్తుంది, ఆ పాళ్లలో అది అంటుకోదు. లైనులో నీళ్లు తీసేసి తక్కువ ప్రెషర్‌తో ఆ గ్యాసు ఎక్కిస్తారు. హైడ్రోజన్ తేలిక, చిల్లులోంచి బయటపడి మట్టిలోంచి, సిమెంటు సందుల్లోంచి నేరుగా పైకి వస్తుంది. పైన మీటరు పట్టుకుని నడిస్తే మోగుతుంది. గట్టి సిమెంటు రోడ్డైతే పక్కనుంచి బయటికి రావచ్చు, అప్పుడు సన్నటి డ్రిల్లు రంధ్రాలు వేసి చూస్తారు. భూమిలోకి రాడార్ పంపి చూస్తామనేవాళ్లు కూడా వస్తారు. రేగడిలో, ఉప్పు నేలలో ఆ తరంగాలు లోతుకు పోవు, డబ్బు దండగ. థర్మల్ కెమెరా వేడినీళ్ల లైనుకు బాగుంటుంది, మన ఎండలో కాగిన నేల మీద నాలుగు అడుగుల కిందున్న చల్లనీళ్ల పైపును అది పట్టలేదు. మాట్లాడుకునేటప్పుడే చెప్పండి: గుర్తు పెట్టిన చోటికి మీటరు లోపల లీకు దొరికితేనే పూర్తి డబ్బు.

తవ్వకం జేసీబీతో వద్దు. లైను పక్కనే కేబుళ్లు పోయి ఉంటాయి, ఎక్కడున్నాయో మ్యాపు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కేబుల్ దారి సున్నంతో గీయించాకే పార పట్టించండి. రోడ్డు పై పొర పగలగొట్టడానికి మెషీను సరే, తర్వాత చేతులతోనే. ఐదడుగులు దాటి దిగాల్సివస్తే పక్కలకు చెక్కలు, దన్నులు పెట్టాలి. లీకుతో నానిన రేగడి గోడ చెప్పకుండా జారుతుంది, నిన్న ఎండలో గట్టిగా కనిపించిందని ఊరుకోకూడదు.

కందుకూరు వైపు ఒక పెద్ద ప్రాంగణంలో బయటపడినదాన్ని చెబితే మీకు మీ లీకు ఎలా ఉండొచ్చో తెలుస్తుంది. నాలుగు అడుగుల కింద నాలుగంగుళాల పీవీసీ. పైన ఎండిన మట్టి పెళ్లలు, కిందికి పోయేకొద్దీ బురద, పైపు దగ్గరికి రాగానే పార ఖాళీలోకి దిగబడింది. నీళ్లు మట్టిని కడిగేసి పైపు కింద మనిషి కూర్చునేంత గుహ చేశాయి. రెండు పైపులను కలిపే కప్లింగులోంచి పైపు వేలెడంత బయటికి జారి ఉంది. పైపు కోసి చివర తుడిచి చూస్తే అతికించే జిగురు, అదే సొల్యూషన్, పై సగం మీదే పట్టి ఉంది, కింది సగం షాపులో కొన్నప్పటిలాగే నిగనిగలాడుతోంది. గాడిలో పైపును పడుకోబెట్టి అతికించారు, బ్రష్షు కిందికి తిప్పడానికి చోటు లేదు. పైగా పైపు మీద 4 కిలోల క్లాసు ముద్ర, అంటే అంత ప్రెషర్ వరకే తట్టుకునేది. దాన్ని పంపు డెలివరీకి వాడారు. అన్నేళ్లు ఆగిందే ఎక్కువ.

ఇక రిపేరు. సైకిలు ట్యూబు చుట్టి కట్టుతీగ బిగించడం ఆ పూట గడవడానికే. మట్టి కప్పితే మళ్లీ తవ్వాల్సిందే. పగులు కనిపించే చోటుకు రెండువైపులా జానెడు అదనంగా తీసి కోయండి, సన్నటి బీట కంటికి కనబడేదానికంటే ముందుకు పోయి ఉంటుంది. కోత నిటారుగా ఉండాలి, అంచును ఆకురాయితో ఏటవాలుగా రుద్దాలి. జారుడు కప్లింగులు రెండు, మధ్యన కొత్త ముక్క. తడిగా ఉంటే సొల్యూషన్ పట్టదు. వాల్వు సరిగా మూసుకోక నీళ్లు కారుతూనే ఉంటే పైపు కింద గుంత తీసి తోడుతూ పని చేయాలి, అదీ కుదరకపోతే రబ్బరు రింగుతో బోల్టులు బిగించే కప్లింగు వేసేయడం మేలు. సొల్యూషన్ పైపుకూ కప్లింగుకూ రెండింటికీ చుట్టూ రాయాలి, కొద్దిగా తిప్పుతూ దూర్చి అరనిమిషం పట్టుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, రాస్తుండగానే ఆరిపోతుంది. పొద్దున్నే చేసి, ఒక రోజు ఆగి, అప్పుడు ప్రెషర్ ఇవ్వండి. పిల్లలకు ఆ రోజు ట్యాంకరు తెప్పించండి, తొందరపడి ఆ సాయంత్రమే వదిలితే మళ్లీ మొదటికొస్తుంది.

హెచ్‌డీపీఈ (వంగే నల్ల ప్లాస్టిక్ పైపు) అయితే సొల్యూషన్ అంటుకోదు. దానికి వేడితో అతికించే మెషీను కావాలి, చిన్న సైజుల్లో బిగించే కప్లర్లు వస్తాయి. జీఐ పైపులో సూదిబెజ్జమే అయితే రబ్బరున్న క్లాంపు పడుతుంది. మరలు తుప్పు తిని పొరలు లేస్తుంటే ఆ ముక్కకు ఆశ వదులుకోండి.

మట్టి కప్పేముందే పరీక్ష చేయాలి. లైను నెమ్మదిగా నింపి గాలంతా పోనిచ్చి, చేతి పంపుతో పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించి, పైపు క్లాసు దాటకుండా చూసుకుని, గేజి ముల్లు నిలబడుతోందా చూడండి. గాలి మిగిలి ఉంటే లీకు లేకపోయినా ముల్లు దిగుతుంది. ఎయిర్ కంప్రెసరుతో పరీక్షిద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఒత్తిడి పట్టిన గాలితో పీవీసీ పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి, మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది.

మళ్లీ ఊడకుండా ఉండాలంటే కింద నాలుగు అంగుళాలు, పక్కలా పైనా ఆరంగుళాలు ఇసుక పోసి, తీసిన రేగడి పెళ్లలు పైపుకు తగలకుండా చూడాలి. మలుపుల దగ్గర కాంక్రీటు దిమ్మె వేయాలి, లేకపోతే పంపు ఆన్ అయిన ప్రతిసారీ బెండు బయటికి నెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు పంపు దగ్గర ధన్‌మని చప్పుడు వస్తోందా? ఎన్‌ఆర్‌వి కొట్టుకుంటోంది, ఆ దెబ్బ లైనంతా తగులుతుంది. ఎన్‌ఆర్‌వి మార్చకుండా పైపు ఎన్నిసార్లు అతికించినా లాభం లేదు. పాత లైను దారిలో రావి, కోనోకార్పస్ లాంటి చెట్లుంటే వేళ్లు జాయింటు సందులోకే వెతుక్కుంటూ వస్తాయి, రిపేరు చేసిన ముక్కనైనా పక్కకు మళ్లించండి.

నీళ్లు వదిలేముందు ఆ లైనును శుభ్రం చేయకుండా మెస్సుకు ఇవ్వొద్దు. మోటారు ఆగి లైను ఖాళీ అయినప్పుడు లీకు నోరే బయటి మురుగును లోపలికి పీలుస్తుంది. హాస్టల్లో వరసగా విరేచనాలు మొదలవుతుంటే అది కూడా లీకు ఆనవాలే, డాక్టరుకు చెప్పడంతోపాటు పైపు చూసుకోవాలి. నాలుగంగుళాల పైపులో మీటరుకు సుమారు తొమ్మిది లీటర్లు పడతాయి. వెయ్యి లీటర్లకు 80 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపిన తేట నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచి, వాసన పోయేదాకా వదిలేయాలి. చేపల చెరువులోకో పొలంలోకో పోనివ్వకండి. తర్వాత రోజూ వచ్చే నీళ్లలో కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఉన్నది అదే.

ప్లంబరు మాటకు వస్తాను. మొత్తం లైను మార్చడం ప్రతిసారీ తప్పేనని కాదు. తవ్విన చోట జాయింటు పైన చెప్పినట్టు సగమే అతికి ఉండి, పైపు 4 కిలోల క్లాసైతే మిగతా జాయింట్లన్నీ అదే చేతి పని. అప్పుడు ఆయన చెప్పిందే నిజం. కానీ ఒకే వేసవిలో మొత్తం పీకకండి. రాత్రి పరీక్షలో ఎక్కువ దిగిన ముక్క ఈ ఏడు, మిగతాది వచ్చే ఏడు. రేగడిలో సొల్యూషన్ జాయింట్ల బదులు రబ్బరు రింగు జాయింట్లున్న 6 కిలోల పైపు, లేదా జాయింట్లే తక్కువుండే హెచ్‌డీపీఈ వేయండి. పైన నీలం వార్నింగ్ టేపు, పక్కన ఒక రాగి తీగ కూడా పాతండి. ప్లాస్టిక్ పైపును లొకేటరు కనిపెట్టలేదు, తీగను కనిపెడుతుంది. పాతిన రోజే ఫొటోలు తీసి, రెండు గోడల మూలల నుంచి ఎన్ని అడుగులో టేపు పట్టి రాసుకోండి.

ప్రస్తుతానికి ఈ శనివారం రాత్రి ట్యాంకు వాల్వు మూసి గంట, తెరిచి గంట చూడండి. సంపు మట్టం కూడా అప్పుడే రాయండి. డెలివరీ పైపు ట్యాంకులోకి పైనుంచి పడుతోందా అడుగునుంచి ఎక్కుతోందా, ఫైర్ లైనుకు జాకీ ఉందా లేదా, లైను ఏ ఏడు వేశారు, మధ్యలో ఎక్కడ జీఐ ముక్కలున్నాయి. ఆ అంకెలూ ఈ వివరాలూ పెడితే ఏ ముక్క దగ్గర ముందు పార పెట్టాలో చెప్పగలను.